చెవిలో చెప్పిన లెక్క

న్యూజీలాండ్ వెళ్ళొచ్చిన మా ఆరుగురు విద్యార్థుల్లో ఐదుగురు వారం తిరక్కుండానే అనుభవాల కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ఐదింటిలోనూ మొదటి వాక్యం ఒకటే: ఇది నా జీవితంలో మరపురాని అనుభవం. రెండో వాక్యమూ ఒకటే. మూడోదానికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. పిలిచి నిలదీస్తే, "ఫోన్లో అడిగితే అదే రాసిచ్చింది మేడం" అని సిగ్గు లేకుండా ఒప్పుకున్నారు. పది రోజులు ఆ చలిదేశంలో వీళ్ళ వెంట, వీళ్ళ స్వెట్టర్ల వెంట, వీళ్ళు మర్చిపోయిన పాస్‌పోర్టుల వెంట తిరిగినదాన్ని నేను. ఏం చూశారో చెప్పడానికి వీళ్ళకు ఫోను కావాల్సి వచ్చింది.

ఆరో కాగితం అసలు రాలేదు. అది శ్వేతది. ఈ రాత ఆ పిల్ల గురించే.

నా పేరు కృపారాణి. ఆత్మకూరులో పాలిటెక్నిక్ పిల్లలకు ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు చెబుతున్నాను. సొంతూరు ఉదయగిరి, మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. నాకు కోపం ఎక్కువని పిల్లలు చెప్పుకుంటారు. అందులో అబద్ధమేమీ లేదు.

శ్వేతది సీతారామపురం దాటి బస్సు దిగాక ఇంకా మూడు మైళ్ళు నడిస్తే వచ్చే ఊరు. ఊరంటే ముప్పై గడప. తండ్రి గురుస్వామి, తల్లి చెంచమ్మ. వాళ్ళకున్నది నాలుగెకరాల మెట్ట, ఒక గొర్రెల మంద. వాన పడితే మెట్టలో కంది పండుతుంది, పడకపోతే రాళ్ళు కనపడతాయి. ఇల్లు నడిచేది మంద మీదే. ఎండాకాలం వస్తే గురుస్వామి మందను తోలుకుని సోమశిల డ్యాము కిందికి, పెన్న పక్కన కోతలైన వరి మళ్ళలోకి పోతాడు. తొలకరికి తిరిగొస్తాడు. ఆ మూడు నెలలూ శ్వేతకు తండ్రి అంటే ఫోన్లో గొంతు మాత్రమే.

ఆరో తరగతి నుంచి ఉదయగిరిలో ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదివింది. సెలవులకు ఇంటికి పోతే మందతో పాటు కొండ ఎక్కేది. కాపరులు తలకు కట్టుకునే టార్చిలైట్లు చెడిపోతే విప్పి బాగుచేసేది. మొదట తండ్రిది చేసింది. తర్వాత చుట్టుపక్కల కాపరులందరూ చెడిపోయిన లైట్లు గోతంలో వేసి పంపించడం మొదలుపెట్టారు. ఆ పిల్ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలో చేరడానికి పదో తరగతి మార్కుల కంటే ఆ గోతమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

నా క్లాసులో మాత్రం మొదటి ఏడాదంతా నోట్లో నాలుక లేనట్టే కూర్చుంది. ప్రశ్న వేస్తే లేచి నిలబడేది, పెదవులు కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. రాసిన కాగితం చూస్తే ఒక్క తప్పు ఉండదు. "ఈ చేత్తో రాసే మనిషి, ఆ నోటితో మాట్లాడే మనిషి ఒకరేనా?" అని నేను అరిచిన రోజులున్నాయి. అరిస్తే నోరు తెరుచుకుంటుందని అప్పుడు అనుకునేదాన్ని.

ఇక్కడ మా పక్క మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. గొర్రెలు మేపుకునేవాళ్ళు మందలో ఎన్ని ఉన్నాయో పైకి చెప్పరు. అడిగితే "ఏవో నాలుగు ఉండాయిలే" అంటారు. నాలుగంటే నలభై కావచ్చు, నాలుగొందలు కావచ్చు. లెక్క పైకి చెప్పిన మంద నిలవదని వాళ్ళ నమ్మకం. పశువుల డాక్టరు అడిగినా మంద వైపు వేలు చూపించి "మీరే చూసుకోండి సార్" అంటారు. గురుస్వామి ఇంకో మెట్టు పైన. ఇంట్లో చెంచమ్మకు కూడా ఆయన లెక్క చెప్పలేదు. ఆమె అడగనూ లేదట.

శ్వేత పదో తరగతిలో ఉండగా దసరా సెలవుల్లో, మిట్టమధ్యాహ్నం కొండవార గురుస్వామిని పాము కరిచింది. 108 లో ఉదయగిరికి తెస్తున్నారు. ఒక పక్క చెంచమ్మ ఏడుస్తోంది. ఆయన కూతుర్ని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు. ఏదో చివరి మాట చెబుతాడని ఆ పిల్ల వణుకుతూ చెవి ఒగ్గింది. ఆయన ఒక అంకె చెప్పాడు. అంతే. మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. మంద లెక్క తెలిసిన మనిషి ఇంట్లో ఒకరుండాలని ఆయన తాపత్రయం. పక్కనే ఉన్న భార్యకు కాదు, మేనల్లుళ్ళకు కాదు, పదిహేనేళ్ళ కూతురికి చెప్పాడు.

మనిషి బతికాడు. కానీ ఆ అలవాటు ఆగలేదు. ఈనిన తర్వాతా, అమ్మిన తర్వాతా లెక్క మారుతుంది కదా. ఫోన్లో చెప్పే మాట కాదు. శ్వేత సెలవులకు వచ్చి తిరిగి పోయేటప్పుడు మూడు మైళ్ళూ వెంట నడిచి, బస్సు కనపడగానే వంగి, కొత్త లెక్క చెవిలో చెప్పేవాడు. వేరే తండ్రులు బస్సు దగ్గర జాగ్రత్తలు చెబుతారు, ఈయన అంకె చెబుతాడు. న్యూజీలాండ్ పోయే ముందూ చెప్పాడు. అప్పటికి మంద సోమశిల కింద ఉంది. దాన్ని పక్క కాపరికి అప్పగించి, రెండు బస్సులు మారి, కూతురి చెవిలో ఆ ఒక్క మాట చెప్పడానికి ఆత్మకూరు దాకా వచ్చాడు. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే కొన్ని మాటలు నా నోట వచ్చేవి కావు.

ప్రయాణం ఖర్చు ఒక ట్రస్టు పెట్టుకుంది. పల్లెటూరి పిల్లలకు పెద్ద కంపెనీలు, ఒక యూనివర్సిటీ చూపించాలని వాళ్ళ ఉద్దేశం. తిరిగొచ్చాక ఒక్కొక్కరూ ఏం చూశారో, ఏమనుకున్నారో రెండు పేజీలు రాసివ్వాలి. వాళ్ళు పెట్టిన షరతు అదొక్కటే. మేం పోయేది క్రైస్ట్‌చర్చ్ అనే ఊరికని తెలిసి మా సంఘంలో ఆడవాళ్ళు అదేదో పరిశుద్ధ స్థలం అనుకున్నారు. నా చేత ప్రార్థన చీటీలు పంపించారు. నేను కాదనలేక తీసుకుపోయి, హోటల్ గదిలో కూర్చుని అన్నీ చదివి, అందరి కోసమూ ప్రార్థన చేశాను.

మొదటి కంపెనీలో ఉద్యోగులు కుర్చీలు మానేసి మెత్తటి సంచుల్లో కూలబడి పనిచేస్తున్నారు. అశ్విత అనే మా పిల్ల ఆ సంచిలో కూర్చుని లేవలేక, ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. రెండోచోట గిడ్డంగిలో మనిషి లేకుండా బండ్లు వాటంతటవే తిరుగుతున్నాయి. మావాళ్ళందరూ వాటి వీడియోలు తీస్తుంటే శ్వేత కనపడలేదు. వెతికితే, ఒక మూల బాగుచేసే బల్ల దగ్గర ముసలి మెకానిక్ పక్కన నిలబడి ఉంది. ఆయన టంకం పెట్టే కడ్డీ ఈమె చేతికిచ్చాడు. ఈమె ఒక తీగ అతికించి చూపించింది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, కానీ ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. నేను పోయి, "అందరితో కలిసి ఉండలేవా? ఇంత దూరం వచ్చి కూడా మూగనోమేనా?" అని కసిరి లాక్కొచ్చాను.

ఆరో రోజు ఊరి బయట ఇంకో కంపెనీకి తీసుకుపోయారు. గొర్రెల మెడకు కట్టే పట్టీలు తయారుచేస్తారు వాళ్ళు. అంత చలిలో నిక్కరు వేసుకున్న ఒక పొడుగాటి మనిషి మైకు పట్టుకుని వివరించాడు. పట్టీ కడితే చాలు, మందలో ఎన్ని ఉన్నాయో గోడ మీద తెరలో క్షణంలో కనిపిస్తుందన్నాడు. నిజంగానే కనిపించింది, నాలుగు వేల పైచిలుకు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. మీలో గొర్రెలున్న ఇంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఐదుగురూ శ్వేతను ముందుకు తోశారు. ఆయన సంతోషంగా మైకు ఆమె నోటి ముందు పెట్టి, "మీ మందలో ఎన్ని?" అన్నాడు.

శ్వేత నా వైపు చూసింది. నాకు ఆ చూపు పాత చూపులాగే కనిపించింది. మళ్ళీ మాట రావడం లేదనుకున్నాను. "ఎన్ని అని అడుగుతున్నాడు. చెప్పు శ్వేతా, నోరు తెరువు!" అని వెనక నుంచి గదిమాను.

ఆమె చెప్పింది. మంచి ఇంగ్లీషులో, హాలంతా వినపడేట్టు. ఆ అంకె నేనిక్కడ రాయడం లేదు.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను గట్టిగా కొట్టాను. మూడేళ్ళకు నా పిల్ల నోరు తెరిచిందని పొంగిపోయాను. బస్సులో భుజం తట్టి శభాష్ అంటే, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది తప్ప తిరిగి చూడలేదు.

మర్నాడు యూనివర్సిటీ. ఒక తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ మా ఆరుగురినీ గుండ్రంగా కూర్చోబెట్టి, నిన్న చూసిన పట్టీలో మీరైతే ఏం మారుస్తారని అడిగింది. ఒకరు రంగు అన్నారు, ఒకరు బ్యాటరీ అన్నారు. శ్వేత తనంతట తానే చెయ్యెత్తింది. వాళ్ళ నాయన గొర్రెలను లెక్కపెట్టడని, సాయంత్రం దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి ఎవరు రాలేదో చూస్తాడని చెప్పింది. ఒకసారి కుంటి గొర్రె ఒకటి కొండ మీద ఉండిపోయింది. అదే రోజు దారిలో ఇంకో గొర్రె పిల్లను ఈనింది. లెక్క పెట్టివుంటే ఒకటి పోయి ఒకటి వచ్చి సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఆయన మొహాలు చూశాడు కాబట్టి రెండు మైళ్ళు వెనక్కి పోయి దాన్ని భుజాన వేసుకొచ్చాడు. "మీ తెర మీద అంకె తీసేయండి. రాని గొర్రె ఏదో, అదొక్కటే చూపించండి. అప్పుడైతే మావాళ్ళు కట్టించుకుంటారు" అంది.

ప్రొఫెసరమ్మ కాగితం తీసుకుని ఈమె పేరు రాసుకుంది. మేం తిరిగొచ్చిన వారానికి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు నుంచి ఆరు నెలలు శ్వేత ఆ ప్రయోగశాలలో ఉండి నేర్చుకోవచ్చు, ఖర్చులన్నీ వాళ్ళవే, జూలై పదిహేనులోగా ఒప్పుకుంటూ సంతకం చేసి, అనుభవాల కాగితం జతచేసి పంపాలి. మా కాలేజీ చరిత్రలో ఇలాంటి ఉత్తరం రాలేదు.

ఉత్తరం వచ్చిన రోజే శ్వేత ఊరికి పోయింది. ఇక తిరిగి రాలేదు.

జూన్ మూడో వారంలో తొలకరి పడింది. గురుస్వామి మందను ఇంటికి తోలుకొచ్చాడు. ఎండిపోయిన నేల మీద లేత గడ్డి మొలిచింది. ఆబగా మేసిన గొర్రెలకు చిటుకు రోగం తగిలింది. పొద్దున మేతకు పోయిన గొర్రె మధ్యాహ్నానికి పడిపోతుంది, మందు తెచ్చేలోపే అయిపోతుంది. వానలకు ముందే టీకా వేయించాలి. మంద పెన్న పక్కన ఉండటంతో ఆ ఏడాది ఆలస్యమైంది. నాలుగు రోజుల్లో ఇరవై ఒకటి పోయాయి. చచ్చినవాటి లెక్క చెప్పొచ్చు, వాటికి దిష్టి లేదు.

జూలై పన్నెండు దాటింది. శ్వేత ఫోను ఎత్తదు. నాకు కోపం నెత్తికెక్కింది. పొద్దున్నే బస్సెక్కి, ఉదయగిరిలో మారి, సీతారామపురం దాటాక దిగి, ఎండలో మూడు మైళ్ళు నడిచాను. నడిచినంత దూరం తిట్లు కూర్చుకున్నాను.

శ్వేత దొడ్డి ఊడుస్తోంది. నన్ను చూసి చీపురు కింద పెట్టింది. చిక్కిపోయింది. చెంచమ్మ మంచం వాల్చి మజ్జిగ ఇచ్చింది. గురుస్వామి కంప సరిచేస్తున్నవాడల్లా తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"మీరన్నా చెప్పండి మేడమ్మా," అన్నాడు. "అంత పెద్ద చదువుకి పిలిస్తే పోనంటాది. ఎందుకే అంటే నోరు తెరవదు. గొర్లు పొయినాయని బెంగ అనుకుంటే, పోయినవాటికి నేనే ఏడవలేదు, ఇదెందుకు ఏడస్తాదో తెలవదు."

"ఏంది శ్వేతా?" అన్నాను. "మూడు రోజులే టైముంది. కారణం చెప్పు."

"నేను పోను మేడం."

"కారణం అడిగాను."

"ఆ చదువు నాకొద్దు. పట్టీలూ వద్దు. నా నోటి నుంచి వచ్చింది, నెల తిరక్కుండా మంద పోయింది. ఇంకా పోయి అదే పని నేర్చుకోమంటారా?"

అప్పటికి గాని నాకు అర్థం కాలేదు. అర్థం కాగానే, ఆగాల్సినదాన్ని ఆగలేదు. "అంకె చెబితే గొర్రెలు చస్తాయా?" అని అరిచాను. "ఎలక్ట్రానిక్స్ చదివినదానివేనా నువ్వు? చిటుకు రోగమని డాక్టరు చెప్పాడా లేదా? టీకా ఆలస్యమైంది, చచ్చాయి. నువ్వు మైకులో నంబరు చెప్పినందుకు కాదు!"

శ్వేత మొహం తెల్లబోయింది. గురుస్వామి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఆ ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి నేను పెరట్లో నిలబడి పదిమందికి వినపడేట్టు చెప్పేశానని అప్పుడు తెలిసింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటి ఉంది. మా అవ్వ ఎస్తేరమ్మ సండే స్కూల్లో చెప్పిన కథ ఒకటి అక్కడ నిలబడే గుర్తొచ్చింది. గొప్ప కోసం జనాన్నంతా లెక్కపెట్టించిన రాజు ఊళ్ళ మీదికి తెగులు తెచ్చుకున్న కథ. చిన్నప్పుడు అది విని వణికినదాన్ని, ఈ పిల్లను మూఢనమ్మకమని తిడుతున్నాను.

"చెప్పినావా?" అన్నాడు గురుస్వామి.

శ్వేత తల ఊపింది. కళ్ళ నుంచి నీళ్ళు కారిపోతున్నాయి. "మేడం చెప్పమన్నారని కాదు నాయనా. నాకే చెప్పాలనిపించినాది. అందరూ నన్ను మూగదాన్ని చూసినట్టు చూస్తుండారు. మనకీ మంద ఉండాదని చెప్పాలనిపించినాది."

"ఎంతని చెప్పినావు?"

ఆమె లేచి, తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెవిలో చెప్పింది. ఎప్పుడూ ఆయన చెప్పేవాడు, ఈసారి ఆమె చెప్పింది. చెంచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురుస్వామి ఒక్క నిమిషం నేల వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. పకపకా నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! అదా నువ్వు చెప్పింది? అది తప్పు లెక్క గదా!"

"తప్పా?"

"తప్పే. నీకెప్పుడూ నేను సరైన లెక్క చెప్పలేదు. పది పదైదు తగ్గించే చెప్తుండా. పదిమందిలో తిరిగే బిడ్డవి, ఏదో ఒకనాడు నోరు జారతావని నాకు తెలవదా? మా నాయన గూడా నాకట్టనే చెప్పినాడు, ఆయన పొయినాక గాని నాకు తెలవలేదు. తప్పు లెక్క చెప్తే యాడ తగలతాది దిష్టి? గొర్లకు టీకా ఏయించలేదు, అది నా తప్పు. నీ నోటితో పోలేదమ్మా అయి."

పిల్ల ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. అలా జరగలేదు. కన్నీళ్ళు ఆగిపోయాయి గాని, మొహం గట్టిపడింది.

"108 లో చెప్పింది గూడా తప్పేనా?"

గురుస్వామి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఊఁ."

"చస్తా గూడా నన్ను నమ్మలేదా నాయనా నువ్వు?"

"నమ్మకం గిమ్మకం ఏందిలే. మంద సంగతి అది."

శ్వేత లేచి ఇంట్లోకి పోయింది. ఉత్తరం, పెన్ను తెచ్చి నా ముందు మంచం మీద పెట్టి విసురుగా సంతకం చేసింది. కాగితం చిరుగుతుందేమో అనిపించింది. "తీసుకోండి మేడం. రెండు పేజీలు రేపు రాసి తెస్తాను. ఈ మంద ఏమైతే నాకేంది" అని, తండ్రి వైపు చూడకుండా మళ్ళీ చీపురు అందుకుంది. నా ఇరవై ఏళ్ళ ఉపన్యాసాలు చేయలేని పని ఆ కోపం చేసింది.

బస్సు దాకా గురుస్వామి నా వెంట వచ్చాడు. దారిలో నేనే ఉండబట్టలేక అడిగాను. "గురుస్వామన్నా, నిజంగా తగ్గించే చెప్పావా?"

"మంద లెక్క అడగగూడదు మేడమ్మా," అన్నాడు ఆయన, రోడ్డు వైపు చూస్తూ. "బస్సొస్తాండాది. ఎక్కండి."

శ్వేత మర్నాడు రాలేదు. ఆ మర్నాడు, గడువుకు ఆఖరి రోజున, కాలేజీ తలుపులు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉంది. రెండు పేజీలు చేత్తో రాసినవి. మరపురాని అనుభవం అనే మాట ఎక్కడా లేదు. మేం చూసిన ప్రతి కంపెనీలోనూ గోడ మీద తెర ఉందని, తెర మీద అంకె ఉందని, ఆ అంకెను చూసి పనిచేసేవాళ్ళలో ఎవరూ గుమ్మం దగ్గర నిలబడి మొహాలు చూడటం తనకు కనపడలేదని రాసింది. టంకం కడ్డీ చేతికిచ్చిన ముసలాయన గురించి ఒక పేరా ఉంది. ఉత్తరంతో పాటు వచ్చిన యూనివర్సిటీవాళ్ళ ఫారంలో మీ మంద సంఖ్య అనే గడి ఒకటుంది. అక్కడ ఇంగ్లీషులో "కొన్ని" అని రాసింది.

"ఇదేంటి?" అన్నాను. "తప్పు లెక్కైనా వెయ్యొచ్చుగా, ఇంకెందుకు భయం?"

శ్వేత నా వైపు చూసి, "నిన్న పొద్దున నాయన దొడ్డి గుమ్మం తీసేటప్పుడు, నేను గోడ వెనక కూర్చున్నా మేడం" అంది. "ఎన్ని తగ్గించి చెప్పినాడో చూడాలనుకున్నా. కోపం. ఒడినిండా చింతగింజలు పోసుకున్నా. ఒక గొర్రె బయటికొస్తే ఒక గింజ చెంబులో వేసినా. నోటితో అనలేదు. అన్నీ పొయినాక గింజలు లెక్కపెట్టినా."

"గొర్రెలను లెక్కపెట్టకూడదన్నారుగా?"

"గొర్లను యాడ లెక్కపెట్టినా మేడం? గింజల్ని గదా." నవ్వబోయింది. "ఈ రెండు నెలల్లో ఒక్కటీ ఈనలేదు, ఒక్కటీ అమ్మలేదు. ఆ గింజలకు పోయిన ఇరవై ఒకటీ కలిపినా."

"ఎంత వచ్చింది?"

ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. ఆ హాల్లో నేనూ ఉన్నాను కదా, ఆ అంకె నేనూ విన్నాను. "సరిపోయిందా?" అన్నాను.

"ఒక్కటి తేడా లేదు మేడం. మా నాయన ఎప్పుడూ నాకు సరైన లెక్కే చెప్పినాడు." కాలేజీ మెట్ల మీద, అటెండరు చూస్తుండగానే, ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

"మీ నాయనకు చెప్పావా?"

"లేదు. ఆయన అంత కష్టపడి చెప్పిన అబద్ధం. నేనెందుకు పాడుచేయాల?"

సెప్టెంబరు మొదటి వారంలో ఆత్మకూరు బస్టాండులో శ్వేతను నెల్లూరు బస్సెక్కించాం. అక్కడ నుంచి చెన్నై పోయి విమానం ఎక్కాలి. చెన్నై దాకా నేను తోడు పోతున్నాను. చెంచమ్మ ఉదయగిరి చెక్క గరిటెలు నాలుగు, ప్రొఫెసరమ్మకని, బట్టలో చుట్టి తెచ్చింది. గురుస్వామి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని దూరంగా నిలబడ్డాడు. డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు, కండక్టరు రమ్మంటున్నాడు. ఆయన కదలడం లేదు. జూలై నుంచి మందలో ఈనిందీ అమ్మిందీ లేదని, ఆయన కూతురికి లెక్క చెప్పలేదని నాకు తెలుసు. ఇంతకాలం చెప్పింది తప్పు లెక్కని చెప్పిన మనిషి, ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు?

శ్వేత మెట్టు మీద ఒక కాలు పెట్టి, దిగింది. తండ్రి దగ్గరికి పోయి, ఏమీ అనకుండా తల పక్కకు వంచి చెవి చూపించింది.

గురుస్వామి చుట్టూ ఒకసారి చూశాడు. తర్వాత చెయ్యి అడ్డం పెట్టి, వంగి, చెప్పాడు. చింతగింజలతో తను ముందే తెలుసుకున్న ఆ అంకెను, శ్వేత కళ్ళు మూసుకుని మొదటిసారి వింటున్నట్టు విన్నది.